సత్రం ఆసామి

బాంబెర్గ్ స్టేషన్‌లో రైలు దిగగానే గాంగోల్ఫ్ భార్య చెవి దగ్గర వంగి, పొద్దుటి నుంచి చెబుతున్న మాటే మళ్లీ చెప్పాడు.

"నోరు విప్పకు జెంటా. అది బాగుంది, ఇది బాగుంది అని ఒక్క ముక్క అన్నావంటే, ఎంచింది నువ్వే అవుతావు, ఆ పిల్ల కాదు."

"నేనేమంటాను? నా నోరు నా దగ్గరే ఉంది."

"నా భయమూ అదే."

ముందు నడుస్తున్న కోడలు సిల్కె వెనక్కి తిరిగి నవ్వింది. విన్నదో లేదో తెలియలేదు. జెంటా సంచీ సర్దుకుని, పెదవులు బిగించి, ఆమె వెనకే నడిచింది.

ప్రతి ఏడూ క్రిస్మస్‌కు ముందు ఒక శనివారం ఆ ఇంటివాళ్లు పల్లె నుంచి బాంబెర్గ్ వస్తారు. చర్చి చర్చికీ తిరిగి, అక్కడ క్రీస్తు పుట్టుకను బొమ్మలతో పేర్చిన పశువుల పాకలు చూస్తారు. సాయంత్రం తిరిగి వెళ్లే ముందు తమ ఇంటి పాకలోకి ఒకే ఒక్క కొత్త బొమ్మ కొంటారు. గొర్రెల కాపరి, చాకలామె, కత్తులు సానపట్టేవాడు, ఉల్లిపాయల బుట్ట ఎత్తుకున్న తోటమాలి, ఇలా ఒక్కొక్కరే వచ్చి చేరి, ఇప్పుడు ముందు గదిలో బల్లంతా వాళ్లదే అయింది. ఇంటికి కొత్త కోడలు వచ్చిన ఏడు మాత్రం బొమ్మను ఆమే ఎంచాలి. ఆమె ఏది తెచ్చినా, ఎక్కడ నిలబెట్టినా, ఎవరూ మారుమాట అనకూడదు. ఆ బొమ్మతోపాటు పాక పెట్టే పని కూడా మెల్లమెల్లగా ఆమె చేతిలోకి వస్తుంది. జెంటాకు తన అత్తగారి దగ్గర నుంచి అలాగే వచ్చింది.

ఈ ఏడు పాకలో నాచు పరుస్తుంటే జెంటా వేళ్లు వణికాయి. రెండు గొర్రెలు కిందపడ్డాయి. కొడుకు యోర్గ్ వాటిని ఎత్తి ఇచ్చాడు కానీ, వాడికి ఆ పాకంటే దుమ్ము పట్టే సామాను తప్ప మరేమీ కాదు. మిగిలింది సిల్కె. వీళ్లు క్యాథలిక్కులు, ఆమె లూథర్ మతం వాళ్ల పిల్ల. వాళ్ల ఇళ్లలో పండుగకు చెట్టూ, నాలుగు కొవ్వొత్తులూ ఉంటాయి, ఇంత జనం ఉండరు. పెళ్లయిన కొత్తలో అటక మీద పెట్టెలు చూసి ఆమె ఏ కల్మషమూ లేకుండా, "ఇన్ని బొమ్మలెందుకు అత్తయ్యా? పుట్టింది ఒక్కడే కదా" అంది. ఆ మాట అప్పటి నుంచి జెంటా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. ఈ పిల్ల అందుకోకపోతే పాక తనతోనే ఆఖరు. ఆ దిగులు మరియమ్మతో ఎన్నోసార్లు చెప్పుకుంది. సిల్కెతో ఒక్కసారీ అనలేదు.

వంతెన మీదికి వచ్చేసరికి మంచు కొంచెం పలచబడింది. నది మధ్యలో పాత టౌన్‌హాలు నీళ్ల మీద కాలు మోపినట్టు నిలబడి ఉంది. దాని గోడ నిండా రంగుల్లో వేసిన బొమ్మలు. సిల్కె ఒకచోట ఆగి వేలు చూపించింది.

"మావయ్యా, ఆ దేవదూత కాలు గోడలోంచి బయటికొచ్చింది."

"వాడు నా చిన్నప్పటి నుంచీ దిగాలనే చూస్తున్నాడు" అన్నాడు గాంగోల్ఫ్. "దాహం వేస్తుంటుంది పాపం. సరే, మీరు పాకలు చూడండి. నేను వెళ్లి మీకు చోటు పట్టి ఉంచుతాను."

ఆయన చోటు పట్టేది ఏ చర్చిలోనో కాదు. పొగ వాసన వేసే నల్లటి బీరు పోసే పాత సారా ఇంట్లో. ప్రతి ఏడూ ఆయన పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అంత ఓపికగా చోటు పడతాడు.

ఇద్దరు ఆడవాళ్లూ సంతవైపు నడిచారు. సిల్కె ఒక బండి దగ్గర ఆగి బేరీపండు చేతిలోకి తీసుకుని నొక్కి చూసింది. బండి ఆవిడ రెండు చేతులూ నడుము మీద పెట్టింది.

"అమ్మాయ్, అది పియానో కాదు."

"పాడుతుందేమోనని చూశానండీ."

"పాడేది నేను. ఎన్ని కావాలో చెప్పు, నేనే తీసిస్తాను. నువ్వు మా ఊరిదానివి కాదే?"

"మా కోడలు" అంది జెంటా. ఆ మాట అనగలిగినందుకు ఆమెకే ఎందుకో సంతోషం వేసింది.

"అయితే నేర్పండి. చేయి మంచిదే, చోటే తెలియలేదు" అని బండి ఆవిడ ఒక పండు ఎక్కువ వేసింది.

తరువాత సిల్కె యోర్గ్‌కు ఉన్ని మఫ్లరు కొంది. ఆవపువ్వు రంగు. యోర్గ్ మొహానికి ఆ రంగు వేస్తే కామెర్లు వచ్చినట్టుంటాడని జెంటాకు తెలుసు. ఆమె తల తిప్పి ఎదురుగా ఉన్న మిఠాయి కొట్టువైపు చూస్తూ నిలబడింది. నోటికి ఏదైనా పని ఉంటే మేలని అక్కడ మసాలా బిస్కెట్లు కొని ఒకటి నోట్లో పెట్టుకుంది.

మొదటి చర్చిలో పాక చిన్నది. రెండోదానిలో దేవదూత ఇంకా మరియమ్మకు శుభవార్త చెబుతున్న ఘట్టమే ఉంది. పై పేటలోని చర్చికి రాళ్లమెట్ల దారి ఎక్కేసరికి జెంటాకు ఆయాసం వచ్చింది. సిల్కె చేయి పట్టుకుని నడిపించింది. లోపల మైనం వాసన, చలి, పదిమంది గుసగుసలు.

అక్కడి పాక ఒక ఊరంత ఉంది. బొమ్మలకు చెక్క తలలు, తీగ ఒళ్లు, నిజం గుడ్డలతో కుట్టిన బట్టలు. వారం వారం వాటి చేతులూ కాళ్లూ వంచి కొత్త ఘట్టం పేరుస్తారు. ఈ వారం ఘట్టం, నిండు చూలాలు మరియమ్మకు రాత్రి తలదాచుకునే చోటు కోసం తిరగడం. ఆమె భర్త జోజప్ప గాడిద పగ్గం పట్టుకుని ఒక తలుపు ముందు నిలబడ్డాడు. మరియమ్మ అలసిపోయి గోడకు ఆనుకుంది. పై కిటికీలోంచి సత్రం ఆసామి దీపం పట్టుకుని, రెండో చేత్తో పొమ్మంటున్నాడు.

జెంటా మోకరించి ప్రార్థన చేసుకుంది. లేచి చూస్తే సిల్కె ఇంకా అక్కడే ఉంది. మరియమ్మను కాదు, కిటికీని చూస్తోంది. పక్కనే ఒక ముసలామె నాచు మీద నీళ్లు చల్లుతోంది.

"పండుగ తర్వాత ఇతనేమవుతాడండీ?" అని అడిగింది సిల్కె.

"ఎవరు, ఆ సత్రం వాడా? పండుగ రాత్రికి ముందే తీసేస్తాం. వాడి పని అయిపోతుందిగా. పెట్టెలోకి పోతాడు."

"వచ్చే ఏడు దాకా?"

"వచ్చే ఏడు దాకా. మళ్లీ తీస్తాం, మళ్లీ తిట్టుకుంటాం" అని ముసలామె నవ్వింది.

సిల్కె నవ్వలేదు. జెంటా మనసులో చిన్న దిగులు మొదలైంది.

బొమ్మల కొట్టు నడిపే రేటా జెంటాకు బాగా తెలిసిన మనిషి. తలుపు గంట మోగగానే కళ్లద్దాలు పైకి తోసి, "వచ్చారా? కొత్త కోడలు ఈమేనా? చూడమ్మా, నిదానంగా చూడు. మీ అత్తగారు మొదటిసారి వచ్చినప్పుడు పొద్దంతా చూసి చాకలామెను పట్టుకెళ్లారు. ఇల్లు అప్పటి నుంచి శుభ్రంగా ఉంది" అంది.

అల్మరాలో పైవరుసలో తెల్లపట్టు బట్టలు కట్టిన దేవదూత ఉంది. రెక్కల అంచుకు బంగారు పూత. ఇంట్లో పాక కప్పు మీద దేవదూత చోటు ఎన్నో ఏళ్లుగా ఖాళీగా ఉంది. జెంటా కళ్లు అక్కడికి పోయాయి, దించుకుంది, మళ్లీ పోయాయి. ఆమె ఒకసారి దగ్గింది. జెంటా ఆ బొమ్మ ఉన్న అర కిందికి వచ్చి నిలబడి చేతిరుమాలు తీసుకుంది. సిల్కె ఆమెను దాటుకుని మూలనున్న కింది అరవైపు వంగింది.

లేచినప్పుడు ఆమె చేతిలో సత్రం ఆసామి ఉన్నాడు. బొజ్జ మీద తోలు ముందుగుడ్డ, నడుముకు తాళంచెవుల గుత్తి, ఒక చేత దీపం, ఇంకో చేయి పైకెత్తి పొమ్మంటూ.

"ఇతను" అంది సిల్కె.

రేటా చేతులు తుడుచుకుంది. "చేతిపని చాలా బాగుంటుందమ్మా, కాదనను. కానీ ఏళ్ల తరబడి అక్కడే ఉన్నాడు. అందరూ చూస్తారు, ఎవరూ తీసుకెళ్లరు. చర్చిలో అయితే సరే. దేవుడి తల్లిని తోలేసినవాణ్ణి ఇంట్లో ఎవరు పెట్టుకుంటారు?"

"సిల్కె, వాడొద్దమ్మా" అంది జెంటా.

అనేసింది. పొద్దుటి నుంచి బిస్కెట్లతో మూసుకున్న నోరు ఒక్క క్షణంలో తెరుచుకుంది. రేటా కళ్లద్దాలు కిందికి దించుకుంది. సిల్కె బొమ్మను వెనక్కి పెట్టేస్తుందనీ, మీ ఇష్టం అత్తయ్యా అంటుందనీ, ఆ మాటతో అంతా అయిపోతుందనీ జెంటాకు అనిపించింది.

సిల్కె బొమ్మను పెట్టలేదు. కోపంగానూ లేదు. "ఇతనేం తప్పు చేశాడు అత్తయ్యా?" అని అడిగింది.

"ఏం చేశాడేమిటే? నిండు చూలాలిని గుమ్మంలోంచి పొమ్మన్నాడు."

"అలా ఎక్కడుంది? మా ఇంట్లో పండుగ రాత్రి బైబిల్లో ఆ అధ్యాయం నాన్న చదువుతాడు. నాకు కంఠతా వచ్చు. సత్రంలో చోటు లేదనే ఉంది. పొమ్మన్నాడని లేదు. అసలు ఈ మనిషే అందులో లేడు."

జెంటా గుర్తు చేసుకుంది. ప్రతి ఏడూ అర్ధరాత్రి పూజలో ఆ భాగం విన్నది. నిజమే, కిటికీ లేదు, దీపం లేదు. అవన్నీ ఎక్కడి నుంచి వచ్చాయో.

"మా నాన్నది సత్రమే కదా" అంది సిల్కె. "జాతర రోజుల్లో మంచాలు నిండిపోయి, కుర్చీల్లో కూడా పడుకునేవాళ్లు. అప్పుడు కూడా ఎవరో ఒకరు తలుపు కొట్టేవాళ్లు. నాన్న చోటు లేదని చెప్పి వచ్చి, ఇంక నిద్రపోయేవాడు కాదు. లేచి గడ్డి కొట్టంలో దుప్పట్లు వేసి, లాంతరు పట్టుకుని వాళ్లను వెతకడానికి వెళ్లేవాడు. అమ్మ తిట్టేది, మళ్లీ తనే సూపు వేడి చేసేది." ఆమె బొమ్మ తాళాల గుత్తిని వేలితో కదిలించింది. "వాళ్లు ఆ రాత్రి కొట్టంలో పడుకున్నారు కదా. ఆ కొట్టం ఎవరిది మరి?"

రేటా కళ్లద్దాలు మళ్లీ పైకి తోసి బొమ్మను చూసింది.

జెంటా పెళ్లయి వచ్చిన ఏటి నుంచి ఆ కొట్టానికి నాచు పరిచింది. ఎండుగడ్డి చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి వేసింది. ఎద్దునూ గాడిదనూ తుడిచి నిలబెట్టింది. ఆ కొట్టం ఎవరిదని ఒక్కసారీ అడగలేదు. ఫాదర్ చెప్పిన ప్రసంగాల్లోనూ ఎవరూ అడిగినట్టు గుర్తులేదు. ఇలా అడగడం తప్పేమోనని మొదట భయమేసింది. జనవరిలో ముగ్గురు రాజుల పండుగకు ఇల్లు దీవించడానికి వచ్చే ఫాదర్ ఈ బొజ్జమనిషిని చూసి ఏమంటాడో. ఏమంటాడు? ఆయనా ఆ కొట్టం ఎవరిదో చెప్పలేడు. దేవుడు ఒక రాత్రి తలదాచుకున్న చోటుకు ఒక ఆసామి ఉండి ఉంటాడు. వాడిని ఇన్నేళ్లుగా పండుగ రాత్రి పెట్టెలో పెట్టి మూత వేస్తున్నారు.

"కట్టివ్వు రేటా" అంది జెంటా.

"నిజంగానా?"

"ఆమె ఎంచుకుంది. మా ఇంట్లో మారుమాట ఉండదు."

"ఇప్పుడే కదా అన్నావు."

"అది దగ్గు" అంది జెంటా.

సారా ఇంటికి చేరేసరికి చీకటి పడుతోంది. తలుపు తీయగానే పొగ వాసన, మాంసం వాసన, మనుషుల వేడి ఒక్కసారిగా మొహాన కొట్టాయి. మూడు గదులూ కిటకిటలాడుతున్నాయి. పళ్లెం ఎత్తుకుని పోతున్న వడ్డించే ఆవిడ ఆగకుండానే, "చోటు లేదు తల్లీ, గోడ మీద మేకు కూడా ఖాళీ లేదు. అదిగో, నడవలో పీపా దగ్గర నిలబడండి, సూపు పట్టుకొస్తాను. చలిలో బయట మాత్రం ఉండకండి" అంది.

నడవలో, బీరు అందించే కిటికీ పక్కన, పీపా మీద మోచేయి ఆన్చి గాంగోల్ఫ్ నిలబడి ఉన్నాడు.

"చోటు పట్టానన్నావే" అంది జెంటా.

"పట్టాను. ఇదే." ఆయన పక్కకు జరిగాడు. "ఏం తెచ్చారు, చూపించండి."

సిల్కె కాగితం విప్పి బొమ్మను పీపా మీద నిలబెట్టింది. గాంగోల్ఫ్ మగ్గు దించి చాలాసేపు చూశాడు.

"వీణ్ణి నేనెరుగుదును. పెళ్లికాకముందు ఓ రాత్రి నన్ను బయటికి గెంటింది వీడే."

"నిన్ను ఎవరైనా గెంటేవాళ్లే" అంది జెంటా.

వడ్డించే ఆవిడ మూడు గిన్నెలూ పీపా మీద పెట్టి, "ఇంతలో ఎక్కడైనా ఖాళీ అయితే పిలుస్తాను" అని వెళ్లిపోయింది. సూపు వేడిగా, మిరియాలు ఎక్కువగా ఉంది. జెంటా తాగుతూ సత్రం ఆసామి పైకెత్తిన చేయిని చూసింది. ఆ చేయి పండుగ ముందురోజు వరకూ సరిపోతుంది. ఆ తర్వాత అలా పనికిరాదు. ఆమె చెంచా దించి, బొమ్మ మోచేయి పట్టుకుని కిందికి వంచబోయింది. లోపలి తీగ గట్టిగా ఉంది, వేళ్లు జారాయి.

"నేను వంచనా?" అంది సిల్కె.

"మెల్లగా. ముందు భుజం, తర్వాత మోచేయి. ఒకేసారి వంచితే తీగ విరుగుతుంది."

సిల్కె నాలుక కొస పెదవుల మధ్య పెట్టుకుని, భుజం దించి, మోచేయి మడిచింది. పొమ్మన్న చేయి ఇప్పుడు ఏదో అందుకోబోతున్నట్టు ముందుకు చాచి ఉంది.

"ఈ చేతికి సూపు గిన్నె కావాలి" అంది సిల్కె. "మట్టితో చేస్తాను. పండుగ రాత్రి అందరూ చర్చి నుంచి వచ్చాక ఇతను కిటికీ దిగి కొట్టానికి వస్తాడు. గొర్రెల కాపరుల కంటే ముందు వస్తాడా, వెనకా?"

"ముందే" అంది జెంటా. "వాడిది పక్కిల్లే కదా. కాపరులు కొండ దిగి రావాలి."

"అయితే ఎద్దు పక్కన కొంచెం చోటు చేయాలి. ఈ రాత్రికే నాచు కదిలిస్తే పాడవుతుందా?"

"తడిపి కదిలిస్తే పాడవదు. ఇంటికి వెళ్లాక చూపిస్తాను, నువ్వే చేద్దువుగాని."

"ఇంకో మాట అత్తయ్యా. ఇతని పెళ్లామేదీ? సత్రం ఒక్కడే నడపలేడు. సూపు ఎవరు కాస్తారు?"

జెంటా నోరు తెరిచింది. రేటా కొట్టులో రెండో వరుసలో, పొయ్యి దగ్గర నిలబడ్డ లావుపాటి ఆడమనిషి ఉంది, నీలం గౌను, చేతిలో గరిటె. ఆ సంగతి నాలుక చివరి దాకా వచ్చింది. గాంగోల్ఫ్ మగ్గు మీంచి ఆమెనే చూస్తున్నాడు.

"వచ్చే ఏడు వచ్చినప్పుడు వెతుకు" అంది జెంటా, గిన్నె ఎత్తి మిగిలిన సూపు తాగేసింది.