అటక మీద పదో తరగతి దాకా

"ఈ మూడు రోజులూ నువ్వు కత్తిపీట ముట్టుకోకు. నేల మీద ఒట్టికాళ్ళతో నడవకు. హాయిగా కూర్చో," అన్నారు మా ఆయన పొద్దున్నే పేకముక్కలు కలుపుతూ. ఆ మాటకి నేను మురవబోయేలోపే, "ఎలాగూ కూర్చునే ఉంటావుగా, మన బాపున్ స్కూలు ప్రాజెక్టు కానిచ్చెయ్. అదేం పని కాదు, ఆటేగా," అన్నారు.

రజ పండగ మొదటిరోజు. భూమి బయటుందని ఈ మూడు రోజులూ నాగలి కట్టరు, నేల తవ్వరు, రోలు కదపరు. భూమి ఆడదే కాబట్టి ఆడవాళ్ళకీ విశ్రాంతి. ఆ విశ్రాంతి కోసం ముందు రెండు రోజులు నడుం పడిపోయేలా బియ్యం, మినప్పప్పు రుబ్బి, కొబ్బరి కోరి, బెల్లం కలిపి, పోడపిఠాలు కాల్చి పెట్టుకోవాలనుకోండి, అది వేరే సంగతి. ముందే చేసిపెట్టిన పని మగవాళ్ళ కంటికి పనిలా ఆనదు. అది దానంతటదే వంటింట్లో మొలిచిందనుకుంటారు.

బయటున్నది భూమి ఒక్కతే కాదు, నేనూ ఉన్నాను. ఫాల్గుణం నుంచి ఉన్నాను. భూదేవికి మూడు రోజుల్లో ఆగిపోతుంది, నాలుగోరోజు స్నానం చేయించి పసుపు రాసి పూలు పెడతారు. నాకు ఆగడం లేదు. మంగళాబాగ్ డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ, "లోపల్నించి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి కుంతళా, వారంలోగా రా, ఆలస్యం చెయ్యకు," అంది. అప్పుడే ఎండాకాలం సెలవులు వచ్చిపడ్డాయి. "సెలవుల్లో నువ్వు మంచమెక్కితే పిల్లాడి గతేంటి? స్కూలు తెరిచాక తీరిగ్గా చూద్దాం," అన్నారు మా ఆయన. అత్తగారైతే, "ఈ వయసులో అందరికీ ఉండేదే బోహూ. నాకూ అయింది, ఏ డాక్టరుకి చూపించుకున్నాను? దానంతటదే తగ్గింది," అని తేల్చేసింది. ఉన్నమాట చెప్పాలంటే నాకూ భయమేసింది. ఆ ముక్కలో ఏముందో తెలుసుకోవాలంటే భయం. వాళ్ళ మాటలు సాకుగా దొరికాయి, వాటి వెనక నక్కాను. రాత్రి ఉతికిన గుడ్డ పొద్దున తడి ఆరకముందే మళ్ళీ కావాల్సివస్తోంది. ఆ గుడ్డలు చీర కింద దాచి ఆరేసుకుంటూ, భూదేవి పండక్కి గుమ్మానికి మామిడాకులు కట్టాను.

సరే, కూర్చున్నాను. ముందు అట్ట, చుట్టూ కత్తెరా, రంగులూ, మైదా జిగురూ. ఐదో తరగతికిచ్చిన ప్రాజెక్టు మా ఊరి కాఠజోడి నది, దాని రాతికట్ట. మా అబ్బాయి బాపున్ పొరుగువాళ్ళ ఉయ్యాల దగ్గరున్నాడు. వాడి కేకలు వినిపిస్తున్నాయి.

నేను వాడి స్కూల్లోనే చేతిపనుల టీచర్ని. లెక్కల మాస్టారికి సిలబస్ మిగిలిపోతే, "మీది ఆటల పీరియడేగా, ఇచ్చెయ్యండి," అని లాక్కునే పీరియడు నాది. మే నెలలో వేసవి శిబిరమని పిల్లలకి కాగితం పూలూ, గుడ్డ బొమ్మలూ, మట్టి ఏనుగులూ నేర్పించడానికి, "మీకెలాగూ ఇంట్లో పనేముంది?" అని పిలిచేదీ నన్నే. ఫొటోల్లో మాత్రం ప్రిన్సిపాల్ గారు ఏనుగుని పట్టుకుని నవ్వుతుంటారు. సెలవులకి ముందు ప్రతి ఇంటికీ ఒక కాగితం పోతుంది. పిల్లలు ఆడుతూ పాడుతూ తమ చేతులతో తామే చేసుకోవాలి, పెద్దలు పక్కన కూర్చుని చూస్తే చాలు. చెప్పేవి శ్రీరంగనీతులు. స్కూలు తెరిచేసరికి నా గదిలో బల్లల నిండా తల్లుల చేతులు బారులు తీరి ఉంటాయి. జిగురు ఇంకా తడిగా ఉంటే బ్యాంకు నుంచి వచ్చి ఆదరాబాదరా అంటించిన దాసుగారి భార్యది. ఇంటికప్పు పక్కకి ఒరిగితే చంకలో ఇంకో పసిబిడ్డ ఉన్న తల్లిది. ఎవరి చెయ్యో నాకు తెలుసు, మార్కులు మాత్రం పిల్లల పేరు మీద వేస్తాను.

ఆ చేతుల్లో సురమా బెహెరా చెయ్యి వేరు. ఆమె కాగితాన్ని కూడా అంచు మడిచి, చీరకి ఫాల్ కుట్టినట్టు సన్నగా సూదితో కుట్టేది. కూతురు తపస్విని ఒకటో తరగతిలో తెచ్చిన సీతాకోకచిలుక రెక్కలకీ అదే కుట్టు. పోయిన ఏడాది ఫాల్గుణంలో సురమా చనిపోయింది. స్కూల్లో రెండు నిమిషాలు మౌనం పాటించాం. ఆ ఏడాది జూన్‌లో తపస్విని ఐదో తరగతి నదిని తెచ్చి నా బల్ల మీద పెట్టింది. నీలికాగితం అంచు మడిచి ఉంది. దాని మీద ఆ సన్నటి కుట్టు.

ఏ పిన్నో, మేనత్తో కుట్టి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. కానీ చేతి రాతలాంటిదే చేతి కుట్టూ, ఒకరిది ఇంకొకరికి రాదు. ఇంకో వింత, జిగురు కాస్త నీలంగా ఉంది. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపితే ఆ రంగు వస్తుంది. నెల తిరక్కుండానే చెత్తలోకి పోయే బొమ్మకి మైలుతుత్తం ఎవరు కలుపుతారు? ఆ నదికే మొదటి బహుమతి ఇచ్చాను. తపస్విని నవ్వకుండా తీసుకుంది. ఆ తర్వాత ఏడాదంతా నాకు అదే పీడ. నా చీర అంచు కుట్టుకుంటుంటే పక్కనే ఇంకో సూది నడుస్తున్నట్టుండేది. తలెత్తి చూసేదాన్ని, ఎవరూ ఉండేవారు కాదు.

పదేళ్ళుగా ప్రతి తరగతికీ అవే ప్రాజెక్టులు, మారింది లేదు. ఈసారి పట్టుబట్టాను. తల్లులు చెయ్యడానికి వీల్లేనిది ఇద్దామన్నాను. "కావాలంటే ఒక్క ఆరో తరగతికి మార్చుకోండి. బాగా నడుస్తున్నదాన్ని కెలకడమెందుకో," అన్నారు ప్రిన్సిపాల్. ఆరో తరగతికి జీలుగుబెండు ఓడ తీసేసి, నీడ పెట్టాను. పిల్లలు వాకిట్లో ఎండలో నిలబడి, తమ నీడని సుద్దముక్కతో గీసి, మళ్ళీ గంటకి గీసి, అది ఎటు జరిగిందో చూసి చెప్పాలి. ఒకరి బదులు ఇంకొకరి నీడ పడదుగా.

ఎండ ముదురుతుండగా గుమ్మం దగ్గర, "గురుమా ఉన్నారా?" అని వినిపించింది. బెహెరా బాబు, సురమా భర్త. పక్కన తపస్విని, పండగైనా పాదాలకి పారాణి లేదు. ఆయన చేతుల్లో పాత చీరముక్కలో చుట్టిన మూట.

"రా భాయినా, పండగ పూట వచ్చావు, పిఠా తిని వెళ్ళాలి," అని మా ఆయన వరండాలో పేకాట మిత్రుల మధ్య చోటు చూపించారు. నేను పిఠా ముక్కలు తెచ్చిపెట్టాను.

"ఇబ్బంది పెడుతున్నాను గురుమా," అన్నాడాయన కూర్చోకుండానే. "ఆరో తరగతికి ఎప్పుడూ ఓడే కదా? ఈ నీడ గోలేంటి? మా ఇంట్లో ఓడ సిద్ధంగా ఉంది." మూట విప్పాడు. తెల్లటి బెండు ఓడ, గుడ్డ తెరచాపలు, ప్రతి తెరచాప అంచుకీ ఆ కుట్టు.

"ఎవరు చేశారు?" తెలిసే అడిగాను.

"దీని తల్లే."

"ఎప్పుడు?"

"పోయేముందు. పదో తరగతి దాకా అన్నీ చేసి అటక మీద పెట్టి పోయింది. మీ స్కూల్లో ఏటా అవేగా, మా పెద్దవాడి చదువప్పుడు చూసింది. మైలుతుత్తం కూడా కలిపింది, బొద్దింకలు కొట్టకుండా." ఆయన చీరముక్కని మడిచాడు. "పిల్ల ఎవరి దగ్గరా చెయ్యి చాచకూడదంది. అంత ముందుచూపు గురుమా."

అయితే నా భ్రమ కాదు. ఆ సూది నిజంగానే నడుస్తోంది. ఏడో తరగతికి గాలిమర, ఎనిమిదికి సౌరకుటుంబం, ప్రతి జూన్‌లోనూ ఆమె అటక దిగి వస్తుంది, నా బల్ల దగ్గర నిలబడుతుంది, నేను మార్కులు వేస్తాను, మళ్ళీ అటకెక్కుతుంది. చచ్చిపోయి కూడా కూతురి పదో తరగతి దాకా ఆమెకి తెరిపి లేదు.

"ఆమెకి ఏం జబ్బు?"

ఆయన మా ఆయన వైపు చూసి గొంతు తగ్గించాడు. "అదే, ఆడవాళ్ళకి వచ్చేదే. రక్తం పోయేది. ఆపరేషన్ చెయ్యాలన్నారు. పిల్లల సెలవులు అవనివ్వండి అంది. తర్వాత దసరా అవనివ్వండి అంది. దసరా అయ్యాక వెళ్తే, ఇప్పుడు కోసి లాభం లేదన్నారు. ఆ రోజు నుంచి కత్తెర వదల్లేదు గురుమా. మంచం మీద కూడా వదల్లేదు."

వరండాలో పేకముక్కలు ఆగాయి. మా ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. "తల్లంటే అలా ఉండాలి," అన్నారు. మిత్రులు తలలూపారు. లోపల్నించి అత్తగారు, "పుణ్యాత్మురాలు, ముత్తయిదువుగా పోయింది," అంది. ఆ పొగడ్తలన్నీ నా ఒళ్ళో పడుతున్నట్టనిపించింది. రేపు నా గురించీ ఇవే మాటలు, ఇదే వరండాలో. వాళ్ళు అబద్ధం ఆడరు, మనస్ఫూర్తిగానే అంటారు. అదే నన్ను భయపెట్టింది, ఆ పరీక్షలో తేలబోయేదానికంటే ఎక్కువగా.

తపస్విని పిఠా ముట్టుకోలేదు. "నన్ను తాకనిచ్చేది కాదు," అంది ఉన్నట్టుండి.

"ఏంటమ్మా?"

"బొమ్మల్ని. పాడుచేస్తావు అనేది. నేను పక్కన కూర్చుని కబుర్లు చెప్పమంటే, ఇదొక్కటి అవనీ, తర్వాత చెప్పుకుందాం అనేది. అది అవగానే ఇంకోటి మొదలుపెట్టేది." ఆ పిల్ల గొంతులో ఏడుపు లేదు, కోపం ఉంది. "పదో తరగతిది సగంలోనే ఉంది. నాతో ఏం చెప్పాలనుకుందో నాకు తెలీదు."

"ఊరుకో తల్లీ, గురుమా ముందు ఏంటా మాటలు?" అన్నాడు తండ్రి. నా వైపు తిరిగి చేతులు జోడించాడు. "ఈ ఓడని తీసుకోండి గురుమా. మీరు కాదంటే దీని తల్లి కష్టమంతా మట్టిపాలు."

ఓడని చేతుల్లోకి తీసుకున్నాను. బరువే లేదు. ఒక తెరచాప మీద కుట్టు దారి తప్పి వంకరపోయి, మళ్ళీ సర్దుకుంది. అక్కడ ఆమెకి నొప్పి వచ్చి ఉంటుంది. ఆగి, పళ్ళు బిగించి, మళ్ళీ కుట్టి ఉంటుంది. అలా ఆగడం నాకు బాగా తెలుసు. ఆ పొద్దున రాతికట్ట అంటిస్తూ నేను కూడా ఆగాను.

"తీసుకోను," అన్నాను.

ఆయన ముఖం వాడిపోయింది.

"ఇది తపస్వినిది, ఇంట్లో పెట్టుకోనివ్వండి. ఆడుకుంటే ఆడుకోనివ్వండి, విరిగితే విరగనివ్వండి. స్కూలుకి మాత్రం తన నీడ తనే గీసుకుని రానివ్వండి, వంకరైనా సరే."

"మరి అటక మీదవి? వాటినేం చెయ్యను?"

"ఇప్పటికైనా ఆమెకి సెలవులివ్వండి బెహెరా బాబూ."

ఆయన అప్పుడు కూర్చున్నాడు. తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. తపస్విని నా చేతుల్లోంచి ఓడ తీసుకుంది. తెరచాపని వేలితో అటూ ఇటూ తిప్పింది, ఎవరైనా కసురుతారేమోనని ఒకసారి చూసింది, మళ్ళీ తిప్పింది.

వాళ్ళు వెళ్ళాక మా ఆయన, "రాయిలా మాట్లాడావు," అన్నారు. "పాపం, ఎంత ఆశతో వచ్చాడు. ఆ తల్లి కష్టం నీకేం తెలుసు?"

లేచి నిలబడితే కాళ్ళ మీదుగా వెచ్చగా జారింది. లోపలికెళ్ళి చీర మార్చుకున్నాను. డాక్టరమ్మ ఆసుపత్రికి ఫోన్ చేశాను. పండగే గానీ మధ్యాహ్నం దాకా ఉంటారు, రండి అంది అక్కడి అమ్మాయి. ఇంకో జత బట్టలు సంచిలో పెట్టుకుని, చెప్పులు వేసుకుని వరండాలోకి వచ్చాను.

"ఎక్కడికి?"

"మంగళాబాగ్. డాక్టరు దగ్గరికి."

"ఇవాళా? స్కూలు తెరిచాక అనుకున్నాంగా?"

"మీరనుకున్నారు."

ఆయన మిత్రుల వైపు చూసి నవ్వబోయారు, వాళ్ళు తమ ముక్కల్లోకి చూసుకున్నారు. "వెళ్ళొద్దనడం లేదు," అన్నారు నెమ్మదిగా, సగం అంటించిన నది వైపు చెయ్యి చూపిస్తూ. "మరి ఇది ఎవరు చేస్తారు?"

"నేను చచ్చిపోతే ఎవరు చేస్తారో, వాళ్ళనే ఇవాళ చెయ్యమనండి," అని గేటు తీసుకుని వీధిలోకి నడిచాను.