ఊది చూసిన గ్లౌజులు

నోయిడాలోని ప్రయోగశాలలో లలితకుమారి గ్లౌజులను ఎంచుకునే పద్ధతి ఒక్కటే: పల్చని రబ్బరు గ్లౌజును బుడగలా ఊది, మూతి బిగించి చూడటం. గాలి నిలిస్తే చిల్లు లేనట్టు. చిల్లు లేకపోతే చేతికి భయం లేనట్టు. కట్టుడు పళ్ళకు వాడే యాక్రిలిక్ ద్రవంతో ఆమె పని. దానికోసమే తెప్పించిన మందపాటి, పొరల గ్లౌజులు అలమరలో మూలుగుతున్నాయి. వాటిలో వేళ్ళకు స్పర్శ తెలియదని ఆమె వాటి జోలికి పోలేదు. కొత్తగా చేరిన అక్షరకూ అదే నేర్పింది.

ఆదివారం ఇంటి దగ్గర, మయూర్ విహార్‌లో కూరల బండి దగ్గర లలితకుమారి బెండకాయ కొన విరిచింది. అది విరిగిందో వంగిందో వేళ్ళకు తెలియలేదు. ఇంకొకటి విరిచింది.

"దీదీ, సబ్ తోడ్ దోగీ క్యా?" అన్నాడు బండివాడు, అన్నీ విరిచేస్తావా అని విసుగ్గా.

చేతికి వచ్చినవి తూయించుకుంది.

మధ్యాహ్నం భర్త పార్థసారథి పంటి సందులోంచి పీచు లాగుతూ, "ఏమోయ్, ఇది వేపుడా, కొబ్బరి తాడా?" అన్నాడు.

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. వేలి కొనలను గోటితో ఒక్కొక్కటే నొక్కి చూసుకుంది. అవి ఎవరివో వేళ్ళలా ఉన్నాయి. పోపుల పెట్టె మూత తీసింది. ఇంగువ కవరుకు ఎక్కడా చిల్లు లేదు. అయినా పెట్టె అంతా ఇంగువ వాసనే.

సోమవారం ఆమె వెళ్ళేసరికి అక్షర రబ్బరు గ్లౌజు ఊదుతోంది.

"అది పడెయ్. అలమరలోవి తొడుక్కో."

"మేడమ్, వాటిలో స్పర్శ తెలీదని మీరేగా అన్నారు?"

"నాకిప్పుడు ఒట్టి చేతులకే తెలియడం లేదు. చిల్లు లేకపోయినా ఆ ద్రవం రబ్బరులోంచి దిగిపోతుంది."

అక్షర చేతిలోని గ్లౌజు మెల్లగా గాలి వదిలింది. "అచ్ఛా... మరి డాక్టరుకు చూపించారా?"

"చూపిస్తాను. ముందు సేఫ్టీ ఆఫీసరుకు చెప్పాలి. చెబితే నన్నిక ఈ బల్ల దగ్గరికి రానివ్వరు." ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది.

"చెప్పకపోతే?"

"నీ తర్వాత వచ్చేవాళ్ళూ ఇలాగే ఊదుతూ ఉంటారు."

మందపాటి గ్లౌజులతో అక్షర పట్టకారు తీయబోయి జారవిడిచింది. మళ్ళీ జారింది. అందివ్వడానికి లలితకుమారి చేయి చాచింది. పట్టుకున్నదీ లేనిదీ కళ్ళతో చూస్తే గాని తెలియలేదు. అక్షర చేతిలో పెట్టి, ఆఫీసరు గది వైపు నడిచింది.