సాక్ష్యంలో మరిదిగారి పేరు

మా మరిది క్రీస్తుదాసుకి ముందు వరసలో, ఫ్యాను కింద కుర్చీ వేయించి మరీ కూర్చోబెట్టాను. మా గణపవరం వైపు ఎవరైనా పెద్ద ఆపరేషనయి బతికి బయటపడితే ఇంటి ముందు పందిరి వేసి కృతజ్ఞత కూడిక పెట్టుకుంటాం. బతికినవాళ్లు లేచి సాక్ష్యం చెబుతారు. మధ్యలో అడ్డు రావడం మాలో లేదు. నాకు కావలసిందీ అదే.

క్రీస్తుదాసు మా ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు. నాకు విరేచనంలో రక్తం పడుతోందంటే ఎనిమిది నెలలపాటు మొలలని మాత్రలిచ్చాడు. "ఏలూరు దేనికండీ వదినా, నేను లేనా?" అన్నాడు. మనిషిని సగమయ్యాక, 2007 వేసవిలో, నేనే బస్సెక్కి పోయాను. పెద్దపేగులో క్యాన్సరన్నారు.

"పొట్టకి చిన్న కన్నాలు పెట్టి చేసినా, కోసి చేసినా గడ్డ తియ్యడం ఒకటేనమ్మా. కన్నాలయితే త్వరగా కోలుకుంటారు. మీది బాగా పెరిగి పక్కకి అతుక్కుపోయింది, కొయ్యక తప్పదు" అన్నారు సర్జను గారు.

"ముందే వచ్చుంటేనండీ?"

"కన్నాలతో పోయేదేమో."

పక్క మంచం చంద్రకళ గారిది తాడేపల్లిగూడెం. అదే జబ్బు, అదే వారం ఆపరేషను. నాలుగు చిన్న కన్నాలు పెట్టారు, ఐదో రోజున నడుచుకుంటూ ఇంటికి పోయారు. నేను పదహారు రోజులు, దగ్గొస్తే కుట్ల మీద దిండు అదిమి పట్టుకుని పడుకున్నాను. దగ్గిన ప్రతిసారీ క్రీస్తుదాసుని తిట్టుకున్నాను. క్షమించమని వాక్యం ఉంది, తెలుసు. కానీ కుట్లు పడింది నాకు.

ఇంటికొచ్చేసరికి నా జబ్బు కనిపెట్టింది తనేనని ఊరంతా చెప్పుకున్నాడు. కూడికకి ముందు నా దగ్గరికొచ్చి, "సాక్ష్యంలో నా పేరు మర్చిపోకండి వదినా" అన్నాడు.

"ఎలా మర్చిపోతానండీ!" అన్నాను.

మర్చిపోలేదు. ఎనిమిది నెలలూ, మాత్రలూ, "నేను లేనా" అన్న మాటా, బొడ్డు పైనుంచి కిందిదాకా పడిన కోతా అన్నీ పేరుతో సహా చెప్పాను. పాస్టరు గారు బైబిలు మూసేశారు. క్రీస్తుదాసు మొహంలో నెత్తురు చుక్క లేదు. నా కసి తీరింది.

అప్పుడు ఆడవాళ్ల చాపల మీంచి అతని భార్య, నా తోడికోడలు క్యాథరిన్ లేచింది.

"నాకూ మూడు నెలల్నుంచి రక్తం పడుతోందక్కా. మొలలేనన్నారు ఈయన."

క్రీస్తుదాసు తల దించుకున్నాడు. అది చూడ్డానికే పదహారు రోజులు పళ్లు బిగబట్టి పడుకున్నాను. తీరా చూడబుద్ధి కాలేదు. వెళ్లి క్యాథరిన్ చెయ్యి పట్టుకున్నాను.

"రేపు తొలి బస్సుకే ఏలూరు పోదాం. నీకు కన్నాలతో పోతుందేమో" అన్నాను.