ఎల్లాజీ గొంతు ఉన్న పొర

నేను ఒక కంటైనర్ ఇమేజ్‌ని, అంటే యాప్‌లను పరీక్షించడానికి కంప్యూటర్లో దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ అచ్చును. చేత్తో పట్టుకుందామంటే దొరకను. విశాఖపట్నంలో ఒక చిన్న ఆఫీసు సర్వర్లో పడి ఉంటాను. మట్టిగోడకు ఏటేటా సున్నం వేసినట్టు నన్ను పొరమీద పొరగా కట్టారు. నా కడుపులో ఎమ్యులేటర్ అనే ఉత్తుత్తి ఫోను ఒకటి ఉంటుంది. పరీక్ష పెట్టాల్సి వచ్చినప్పుడల్లా నాకో నకలును పుట్టిస్తారు. ఫోను కళ్లు తెరుస్తుంది, లేని వేళ్లేవో దాని తెరను నొక్కుతాయి, నాలుగు నిమిషాల్లో ఆ నకలును చంపేస్తారు. రోజుకు ఆరువందల చావులు. ఎవరికీ మైల లేదు.

నేను పరీక్షించేది సముద్రం మీద వేటకు వెళ్లేవాళ్ల యాప్. గాలివాన వస్తోందంటే, ఫోను సైలెంట్‌లో ఉన్నా సరే, అది గట్టిగా అరిచి చెప్పాలి. ఆ అరుపు కోసం మొదట్లో ఎల్లాజీ అనే పడవ సరంగు గొంతును ఒడ్డునే రికార్డు చేశారు. పరీక్షలు నడిపే నూకరత్నానికి అతను మేనమామ. యాప్ జనంలోకి రాకముందే ఒక గాలివానలో అతనూ, పడవలోని మరో ఇద్దరూ తిరిగి రాలేదు. పోయినవాడి గొంతు పదిమంది ఫోన్లలో మోగడం చూడలేక నూకరత్నమే దాన్ని తీసేయించి, ఎవరో అనౌన్సరమ్మ గొంతు పెట్టించింది.

తీసేశామనే అనుకున్నారు. నాలోంచి ఏదీ పోదు. తుడిచెయ్యమంటే పైన ఇంకో పూత పడుతుంది, అంతే. కింద రాత అలాగే ఉంటుంది.

మొన్న నాకు మరమ్మతు జరిగింది. కొత్తరకం ఫోన్లు వచ్చాయని ఎమ్యులేటర్‌నీ, అది నడవడానికి కావలసిన డిపెండెన్సీలనూ మార్చారు. పరీక్షలన్నీ పాస్.

"అంతా పచ్చగా ఉంది కదమ్మా. మధ్యాహ్నానికి యాప్‌ను జనంలోకి వదిలేద్దాం. అసలే తుపాన్ల రోజులు," అన్నారు మేనేజర్ శశిభూషణ్.

"యాప్‌ను మోగించమన్నాం, మోగించానంది. మరి విన్నదెవరు సార్?" అంది నూకరత్నం.

"నువ్వు పెళ్లిచూపుల్లో కూడా పిల్లోడి పళ్లు లెక్కెట్టే రకం!"

"లెక్కెట్టాను సార్. రెండు తక్కువ. అందుకే ఇంకా ఇక్కడున్నాను."

ఉత్తుత్తి ఫోను చేసే చప్పుడంతా పట్టేలా ఆమె ఏర్పాటు చేసి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. కొత్త ఫోను నాలుగు నిమిషాలూ ఊపిరి కూడా తియ్యలేదు. తప్పు యాప్‌దా, తన ఏర్పాటుదా? తేల్చుకోవడానికి నా పాత పొరల దాకా దిగి, అక్కడినుంచే ఒక నకలును లేపింది.

"ఒరేయ్, గాలి లెగుస్తంది! ఒడ్డుకొచ్చీండ్రా!"

అది ఎల్లాజీ గొంతు. మేనేజర్ హెడ్‌ఫోన్ ఒకవైపు తన చెవికి ఆనించుకుని విన్నారు.

"ఇది తీసేశాం కదమ్మా?"

ఆమె తెరమీద రెండు ఫోన్లనూ పోల్చి చూసింది. పాత ఫోను అరిచింది, కొత్తది అరవలేదు. కొత్తరకం ఫోన్లు సైలెంట్‌లో ఉన్నప్పుడు మోగాలంటే ముందుగా అనుమతి అడగాలి. మన యాప్ అడగనే లేదు. ఆ మధ్యాహ్నం వదిలేసి ఉంటే, కొత్త ఫోన్లున్న పడవలన్నీ ఏ హెచ్చరికా వినకుండానే గాలివానలోకి పోయేవి. రెండు రోజులు ఆపి, సరిచేశారు.

పాత గొంతు విన్న ఆ రోజు ఆమె మాత్రం వెంటనే హెడ్‌ఫోన్లు తియ్యలేదు. ఆ రికార్డును పరీక్షలు ఎప్పుడూ మూడో సెకనులో తెంపేసేవి. ఈసారి ఎవరూ తెంపలేదు. పిలుపు తరవాత కాసేపు అలల హోరు. ఆ వెనక, దూరంగా, నవ్వుతూ రెండు గొంతులు:

"వచ్చేత్తన్నాం మావా!"

ఆ ఇద్దరూ ఎవరో నూకరత్నానికి చెప్పనక్కర్లేదు. అదే పడవలో పోయినవాళ్లు.

"ఉంచుదాం సార్. యాప్‌లో వద్దు. ఇక్కడే," అంది.

ఇప్పుడు నాకు పరీక్ష మారింది. నాలో మోగేది అనౌన్సరమ్మ గొంతు కాదు, ఎల్లాజీదే. పిలుపు వినపడాలి, జవాబూ వినపడాలి. అప్పుడే పాస్. నాలో సముద్రం లేదు, ఒడ్డూ లేదు. అయినా రోజుకు ఆరువందల సార్లు ఎల్లాజీ పిలుస్తాడు, వాళ్లు వచ్చేస్తున్నామంటారు. అది విన్నాకే నా నకలును చంపుతారు.

ఇంతవరకూ ఎవరూ వచ్చి చేరలేదు.