ఉతికిన మాస్కులు

మేనేజరు బల్ల మీద మాస్కు పెట్టాడు. బోర్లించిన చిన్న గిన్నెలా ఉంది. ఎడమవైపు పట్టీకి నల్లదారంతో తాను వేసిన కుట్టు చూసి అది తన భర్తదేనని ఆమె గుర్తుపట్టింది. అతను పోయి తొమ్మిది రోజులైంది.

"దీన్ని ఎప్పుడైనా ఉతికారా అమ్మా?" విచారణకు వచ్చిన అధికారి అడిగాడు. మెత్తగానే అడిగాడు.

"రోజూ ఉతికేదాన్నండీ. సబ్బు పెట్టి, పట్టీ సాగకుండా నీడన ఆరేసేదాన్ని." ఇంటిపని శ్రద్ధగా చేసే మనిషి గొంతు అది.

మేనేజరు అధికారి వైపు తిరిగాడు. "విన్నారుగా. మేం ఇవ్వాల్సింది ఇచ్చాం. ఇంట్లోవాళ్లే పాడుచేసుకున్నారు."

"పాడుచేయడమేంటి సార్?"

"దుమ్మును పట్టి ఆపే గుణం ఆ లోపలి పొరలో ఉంటుందమ్మా. సబ్బునీళ్లు తగిలితే పోతుంది. ఆపైన పెట్టుకున్నా ఒకటే, పెట్టుకోకపోయినా ఒకటే." మేనేజరు ఆమె మాటలు రాసిన కాగితం ముందుకు జరిపాడు. "ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టు."

తలుపు దగ్గర ఆమెకు తోడు వచ్చిన లోడింగు మనిషి నిలబడి ఉన్నాడు. అందరూ అతన్ని పొడుగు అంటారు. అతను "ఆగు వదినా" అనేలోపే ఆమె సంతకం పెట్టేసింది. నిజం చెప్పింది కదా, పెట్టకుండా ఎందుకుంటుంది?

అది తెల్లరాయిని పిండి చేసే మిల్లు. ఆ పిండి గాజు తయారీకి పోతుంది. ఆమె భర్త పన్నెండేళ్లు మర దగ్గర పనిచేశాడు. ఏ పనికీ తొందరపడడు కాబట్టి అతనికి నిదానం అని పేరు పడింది. చివరి ఏడాది మాత్రం ఆ నిదానం స్వభావంలోంచి కాక ఊపిరిలోంచి వచ్చింది. మూడు మెట్లెక్కి ఒకసారి, మరో మూడెక్కి ఒకసారి కూర్చునేవాడు.

మాస్కులిచ్చేది స్టోరు గుమస్తా. నెలకొకటి. కవర్లు తానే చించి, వట్టి మాస్కు చేతిలో పెట్టేవాడు. ఎవరిదైనా మురికిగా కనిపిస్తే "ఇది మాస్కా, మసిగుడ్డా? ఉతుక్కుని రా పో" అని అందరి ముందూ వెనక్కి తోలేవాడు. అలా మగవాళ్ల మాస్కులు ఉతకడం ఆడవాళ్ల పనుల్లో చేరింది. సాయంత్రమైతే ఆ వరుస ఇళ్ల ముందు తీగల మీద మాస్కులు వేలాడేవి. అందులోనూ పోటీలే. "మీ ఆయన మాస్కు మా ఆయన మొహంకన్నా తెల్లగా ఉంది, ఏం సబ్బక్కా?" అని ఒకామె అంటే వీధంతా నవ్వేది.

ఆ సాయంత్రం పొడుగు ఉండే గదిలో జనం నిండిపోయారు. మిల్లు ఊడ్చే పెద్దమ్మ కొంగు చాటునుంచి నలిగిన కవరు తీసింది. "స్టోరు చెత్తబుట్టలోది. ఏం రాసుందో చదవరా."

పొడుగు దీపం కిందికి జరిగి, వేలు పెట్టి చదివాడు. "ఒక్క షిఫ్టుకే వాడాలి. ఉతకకూడదు. వాడిన తర్వాత పారేయాలి."

అందరూ ఒకేసారి మాట్లాడారు.

"ఆ గుమస్తాకు చదువు రాదా ఏంటి?"

"వచ్చు కాబట్టే కవరు దాచాడు."

"వాడెవడు దాచడానికి? పైవాళ్లు నెలకొకటి ఇమ్మన్నారు, ఇచ్చాడు. రాయి నలిగేచోట దుమ్ము లేవకుండా నీళ్లు చిమ్మే గొట్టాలు మూయించింది కూడా వాడేనా? తడి పిండి అమ్ముడుపోదని పైనుంచే ఆపించారు."

"ఇప్పుడిదంతా తవ్వితే ఏమొస్తుంది?" అన్నాడు మర దగ్గర పనిచేసే మరొకతను. "మిల్లు మూసేస్తే పొయ్యిలో పిల్లి పడుకుంటుంది."

"ఊదడానికి ఊపిరుంటే కదరా పొయ్యి సంగతి," అంది పెద్దమ్మ.

గోడకు ఆనుకుని కూర్చున్న నిదానం భార్య అప్పుడు నోరు విప్పింది. "ఎవరినీ అనకండి. నా చేతులతో నేనే చంపుకున్నాను. ఒంట్లో బాగాలేని రోజున కూడా లేచి ఉతికాను."

పొడుగు ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "వదినా, మాట మార్చెయ్. ఉతకలేదని చెప్పు. భయపెట్టి సంతకం పెట్టించుకున్నారని చెప్పు. మేమంతా సాక్ష్యం వస్తాం."

"ఉతికాను కదయ్యా. ఆయన కోసం చేసిన పనిని చేయలేదని చెప్పమంటావా?"

గుమ్మంలో నిలబడ్డ చిన్నామె, పెళ్లయి ఏడాది కానిది, మెల్లగా అంది. "నేనూ ఉతికాను అక్కా. ఈ పొద్దున కూడా ఉతికాను."

"నేనూ," అంది ఇంకొకామె. "నేనూ." అంటూనే ఆ ఆడవాళ్లు ఒక్కొక్కరూ తమ మగవాళ్ల వైపు చూశారు. ఆ చూపులు నిదానం భార్య భరించలేకపోయింది. తనకు ముందే తెలిసిపోయిన సంగతి వాళ్లకిప్పుడే తెలుస్తోంది. మూలన ఒకతనికి దగ్గు వచ్చింది. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఆపుకోవడానికి చాలాసేపు పెనుగులాడాడు. అతని భార్య వీపు నిమరబోయి చేయి వెనక్కి తీసుకుంది.

"అయితే మాట మార్చొద్దు," అంది పెద్దమ్మ చివరికి. "అదే మాట అందరం చెబుదాం. ఒక్కదాని తప్పని కదా రాసుకున్నారు. ఎన్ని ఇళ్లలో చేస్తే తప్పు ఇంటిది కాకుండా పోతుందో చూద్దాం."

తెల్లవారి మొదటి షిఫ్టు లోపలికి పోలేదు. అంతకుముందు షిఫ్టువాళ్లు మర ఆపి బయటికొచ్చారు. అధికారి కారు వచ్చేసరికి గేటు ముందు నేలంతా కూర్చున్న మనుషులే.

మేనేజరు గేటు ఇవతలికి రాలేదు. "చెప్పుకునేదుంటే ఒక్కొక్కరే ఆఫీసుకు రండి."

"ఒక్కదాన్ని వచ్చాను సార్, నిన్న," అంది నిదానం భార్య. "ఏం జరిగిందో చూశాం."

అధికారి ఆమెను గుర్తుపట్టాడు. "మీ వాంగ్మూలం వెనక్కి తీసుకుంటారా?"

"తీసుకోనండీ. ఉతికాను, అలాగే ఉంచండి. దాని కింద వీళ్లందరివీ రాయండి. ఉతకమని ఎవరు చెప్పారో, కవరు ఎవరి దగ్గరుండిపోయిందో కూడా రాయండి. షిఫ్టుకొక కొత్త మాస్కు మా చేతుల్లో, మా కళ్లముందు విప్పాలి. మర దగ్గర నీళ్లు వదలాలి. అందరి ఊపిరితిత్తులూ డాక్టరు చూడాలి. అప్పటిదాకా వీళ్లెవరూ లోపలికి రారు."

ఇంత మాట ఆమె ఎన్నడూ ఒక్కసారిగా మాట్లాడి ఎరగదు. పెద్దమ్మ పక్కనుంచి మోచేయి పట్టుకుంది.

పదింటికి పోలీసు వ్యాను వచ్చింది. ముందు పొడుగును ఎక్కించారు. "ఈ గొడవకు పెద్ద ఎవరు? మాస్కుల సంగతి మొదలుపెట్టిందెవరు?" అని ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

నిదానం భార్య లేచింది. ఆమెతోపాటు నిన్న గుమ్మంలో నిలబడ్డ ఆ చిన్నామె లేచింది. వెనక వరుస లేచింది.

"మాస్కులు ఉతికినవాళ్లందరినీ ఎక్కించుకో నాయనా," అంది పెద్దమ్మ. "ఈ బండి చాలదు. ఇంకో నాలుగు పిలిపించు."

కొందరు నవ్వారు. నవ్విన వాళ్లలో ఒకతన్ని దగ్గు అందుకుంది. పక్కవాడికీ వచ్చింది. ఇన్నేళ్లూ మర హోరులో కలిసిపోయిన దగ్గులు ఆ ఆగిన మిల్లు ముందు ఒక్కొక్కటిగా వినిపించాయి. ముందు వరుసలోంచి, చెట్టు కిందినుంచి, గేటు లోపల కాపలావాడి దగ్గరనుంచి కూడా. అధికారి రాయడం ఆపి తల ఎత్తాడు.

నిదానం భార్యను వ్యానులోకి తోశారు. కిటికీ జాలీలోంచి చూస్తే రోడ్డు మలుపులో, మధ్యాహ్నం రావాల్సిన రెండో షిఫ్టు వాళ్లు అప్పుడే వస్తున్నారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే, ఆమె లేచిన చోటు నింపుకుంటూ, నేల మీద కూర్చున్నారు.