డిక్కీలో గట్టిమేళం

నేను ఒక వూఫరుని. కారు డిక్కీలో, స్టెప్నీ పక్కన, చీకట్లో కూర్చుని ధుమ్ ధుమ్ మనే పెట్టె ఒకటి ఉంటుంది చూశారూ, అదే నేను. గొంతు గంభీరమే గాని బతుకులో పసలేదండి. పాటలో మాటలన్నీ తలుపుల్లో ఉండే చిన్న స్పీకర్లకు పోతాయి. సన్నాయి వాటిదే, వేణువు వాటిదే, ఆడగొంతులూ మగగొంతులూ వాటివే. అడుగున మిగిలిన బరువైన చప్పుడు మాత్రం వైరు పట్టుకుని నా దాకా వస్తుంది. ఇన్నేళ్లలో నేను ఒక్క మాట పలికిన పాపాన పోలేదు. ముందు సీట్లో ఎవరో "అబ్బ, ఎంత బాగుందీ పాట!" అంటే, ఏ పాటో నాకు తెలియదు.

ఉత్తరాదిన ఒక రేకుల షెడ్డులో పుట్టాను. కాగితపు గుజ్జును అచ్చులో పోసి గరాటా లాంటి నోరు చేశారు. దాని వెనక రాగితీగ చుట్టి, ఇంకా వెనక ఒక బరువైన అయస్కాంతం బిగించారు. చుట్టూ రబ్బరు అంచు. అట్టపెట్టెలో పెట్టి లారీ ఎక్కిస్తే, దిగింది తణుకులో, జిలానీ గారి కార్ డెకార్స్ షాపులో. చెక్కపెట్టె చేయించి నన్ను అందులో బిగించింది ఆయనే. చేయించినవాడే ఆ తర్వాత నన్ను చూసి మొహం చిట్లించుకునేవాడు.

కారణం ఉందిలెండి. ఈ రోజుల్లో వూఫరు పెట్టెలకు ముందు ఒక గుండ్రటి బొక్క ఉంటుంది. లోపలి గాలి అందులోంచి తన్నుకొచ్చి చప్పుడును రెట్టింపు చేస్తుంది. నాకు ఆ బొక్క లేదు. నాలుగు వైపులా మూసేసిన పెట్టె. నా ఎడమ పక్కన పన్నెండు అంగుళాలవాడు, మొహం చుట్టూ నీలం లైటు, బొక్క నా తలంత. కుడి పక్కన సీటు కింద దూరే సన్నపాటి రేకు డబ్బా. కుర్రాళ్లొచ్చి లైటువాడి ముందు నిలబడేవారు, కుటుంబాలవాళ్లొచ్చి డబ్బాను పట్టుకుపోయేవారు. నా మీద జిలానీ గారు టీ గ్లాసు పెట్టుకునేవాడు. ఎవరొచ్చినా ఒకటే డీజే పాట పెట్టి, అద్దాలు గజగజలాడుతుంటే, "ఎలాగుందండి?" అని ఛాతీ విరుచుకునేవాడు. అద్దాలు అదరకపోతే అది సంగీతం కాదని ఆయన నమ్మకం. పాపం, మనసు మంచిదే.

అలా దుమ్ము కొట్టుకుపోతుండగా ఒక మధ్యాహ్నం సుభాషిణి వచ్చింది. పాల డెయిరీలో సూపర్‌వైజరు. ఊరూరా తిరిగి పాలు పరీక్ష చేసే ఉద్యోగం. ముప్పై దాటిన మనిషి, ఎండకు కమిలిన మొహం. షాపు ముందు ఆగింది ఆవిడ సెకండ్ హ్యాండ్ చిన్న కారు. డిక్కీ ఎంతుందంటే, రెండు పాల క్యాన్లు పెడితే మూడోది వెనక సీట్లోకి పోవాలి.

"తక్కువలో మంచిది చూపించండి జిలానీ గారూ," అంది.

ఆయన అలవాటు కొద్దీ లైటువాణ్ని తగిలించి డీజే పాట పెట్టబోయాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి తన ఫోను ఇచ్చింది. "ఆ పాట కాదండి. ఇది పెట్టండి."

సన్నాయి మేళం. ఏదో పెళ్లిలో తీసిన రికార్డు. జిలానీ గారు ముక్కున వేలేసుకున్నాడు. "సన్నాయికి వూఫరేంటండి బాబూ!"

"సన్నాయికి కాదండి. డోలుకి. వాయిస్తంది మా నాన్న. ఫోనులో సన్నాయే ఎక్కువ వినపడతంది. నాన్న కుడిచేతి వేళ్లు కూడా కాస్త వినపడతన్నాయి. ఎడం చేతి కర్ర దెబ్బే వినపడట్లేదు. నాకు కావాల్సింది అది."

డోలు బుల్లియ్య అంటే ఆ చుట్టుపక్కల తెలియనివారు లేరట. కూతురు చిన్నప్పటి నుంచీ ఆయనది ఒకటే మాట: "నీ పెళ్లికి గట్టిమేళం ఇంకొకడెవడూ కొట్టకూడదే. నేనే కొడతాను." గట్టిమేళం మీకు తెలిసిందే. తాళి కట్టే వేళకు పురోహితుడు చెయ్యెత్తగానే డోలు ఒక్కసారిగా విరుచుకుపడాలి. తుమ్ముగాని, ఏడుపుగాని, చెడ్డమాటగాని పెళ్లికూతురి చెవిన పడకుండా ఆ చప్పుడు కప్పెయ్యాలి. కూతురి పెళ్లి ఆలస్యమైంది. ఆయన ఆగలేదు, పోయాడు. ఇప్పుడు సంబంధం కుదిరింది, ఏదో కొండగుడిలో ముహూర్తం. తండ్రి మాట ఒక్కటే మిగిలిపోయింది. కారును మండపం దాకా తీసుకెళ్లి, డిక్కీ తెరిచి, ఆయన చేతే ఆ దెబ్బ కొట్టించాలని సుభాషిణి పట్టుదల.

లైటువాడు ముందుగా వాయించాడు. షాపు అదిరిపోయింది. కాని దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ లేదు, అంతా కలిసిపోయి దూరంగా లారీ వెళ్తున్నట్టు ఒకటే మోత. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఇది మా నాన్న కాదండి." రేకు డబ్బా వాయించింది. దెబ్బలు విడివిడిగానే ఉన్నాయి గాని వేళ్లతో బల్ల మీద కొట్టినట్టున్నాయి. "ఇదీ కాదు," అంది.

టీ గ్లాసు తీసి నన్ను తగిలించేటప్పుడు జిలానీ గారు గొణిగాడు, "ఇది చప్పుడు తక్కువండి, మళ్లీ నన్ననకూడదు." వైరులోంచి ఆ దెబ్బ వచ్చింది. ఏం చెప్పమంటారు! అంతదాకా నాకు వచ్చినవన్నీ మిషను చప్పుళ్లు. ఇది మనిషి చెయ్యి. పడ్డ చోట పడి, వెంటనే తప్పుకుని, తర్వాతిదానికి చోటిచ్చే దెబ్బ. మూసిన పెట్టె కదా, నాలో గాలి ఎటూ పారిపోదు. నేనూ అంతే, కొట్టమన్నప్పుడు కొట్టి ఆగమన్నప్పుడు ఆగాను. ఆవిడ వచ్చి నా ముందు నేల మీద చతికిలబడి కూర్చుంది. పల్లవి పూర్తి కాకముందే ఫోను ఆపి కళ్లు తుడుచుకుంది.

"ఇదే ఇవ్వండి."

"పిట్ట కొంచెం కూత ఘనం అంటారు గదండీ! నేను ముందే అనుకున్నాను," అన్నాడు జిలానీ గారు. ఏమీ అనుకోలేదు. మనుషులు ఇంతేలెండి.

బ్యాటరీ దగ్గర నుంచి వైరు లాగి, డిక్కీలో ఒక మూలకు నన్ను బిగించారు. మరునాటి నుంచి ఊళ్లు తిరిగే ఉద్యోగం నాదీ అయింది. అవి ఏ ఊళ్లో నేను చూడలేదు. పాలవాసన, గోతులు, చీకటి. ఎవరూ లేని రోడ్డు మీద ఆవిడ ఆ రికార్డు పెట్టేది. సన్నాయి, నవ్వులు, పిల్లల అల్లరి అన్నీ ముందు సీటులో ఉండేవి. నా దగ్గరికి బుల్లియ్య ఎడం చెయ్యి ఒక్కటే వచ్చేది. ఆయనకు నేను, నాకు ఆయన. సంబరపడ్డానండి, అబద్ధమెందుకు.

కొన్నాళ్లు మొదట్లోనే ఆపేసేది, ఏడుపు ఆపుకోలేక. ఒకరోజు ధైర్యం చేసి చివరిదాకా పోనిచ్చింది. గట్టిమేళం వచ్చింది. ఎడం చెయ్యి నాలుగు దెబ్బలు కొట్టింది. ఐదోది రాలేదు. ఆరోదీ రాలేదు. నేను నోరు తెరుచుకుని ఎదురు చూస్తున్నాను, వైరు ఉలకదు పలకదు. కారు రోడ్డు పక్కన ఆగిపోయింది.

తిన్నగా జిలానీ గారి షాపుకే పోనిచ్చింది. "సరిగ్గా కావాల్సిన చోటే పాడైపోతందండీ ఇది!" అని ఆయన మీద విరుచుకుపడింది. ఆయన బెంబేలెత్తి ఫ్యూజు మార్చాడు, వైర్లు పీకి మళ్లీ కలిపాడు, నన్ను విప్పి లోపల కూరిన దూది కూడా చూశాడు. మళ్లీ పెట్టారు. నాలుగు దెబ్బలు, తర్వాత ఏమీ లేదు. ఆయన వెంటనే తన డీజే పాట పెట్టాడు. నేను ధుమ్ ధుమ్ మన్నాను.

"వూఫరు నిక్షేపంలా ఉందండి," అన్నాడు నెమ్మదిగా. "మరి... రికార్డులోనే లేదేమో."

ఆవిడ ఫోను తీసుకుని కారెక్కింది. నన్ను తప్పుపట్టినందుకు నాకు కోపం రాలేదు. ఆ ఐదో దెబ్బ ఎక్కడికి పోయిందో నాకూ కావాలి.

ఆ ఆదివారం వెనక సీట్లో వాళ్ల అమ్మ మంగతాయారు కూర్చుంది, నాకు వీపు ఆనించి. పెళ్లిచీర కొనడానికి వెళ్తున్నారు. సుభాషిణి ఏమీ చెప్పకుండా రికార్డు పెట్టింది. గట్టిమేళం దగ్గర పడుతుండగానే మంగతాయారు అంది:

"అక్కడ ఆగిపోద్దే. నాకు తెల్సు."

"నీకెలా తెల్సమ్మా?"

"ఆ రోజు ఇంటికొచ్చి చెప్పాడు. తాళి కట్టే ఏలకి ఎడం చెయ్యి పడిపోయిందంట. కర్ర జారిపోయిందంట. పీటల మీద పిల్ల బెదిరిపోద్దని కుడిచేత్తోనే లాక్కొచ్చాడంట. అంత గోలలో ఎవడికి తెలుస్తదీ! 'ఎవరికీ చెప్పకే, డోలు బుల్లియ్య గట్టిమేళం తప్పాడంటారు' అన్నాడు. ఆ నెల్లోనే కదా పోయాడు."

తండ్రి పక్కనే నిలబడి ఫోను పట్టుకున్న మనిషి సుభాషిణి. ఆమెకూ తెలియలేదు. చెడు వినపడకుండా కప్పడమే గట్టిమేళం పని అని చెప్పాను కదా. ఆ రోజు అది ఆయనకొచ్చిన చెడునే కప్పేసింది.

"గుళ్లో మేళగాళ్లుంటారు గదా, ఆళ్లనే కొట్టమందాం," అంది తల్లి. "సగంలో ఆగిపోయిన మేళం పెళ్లిలో ఏంటే, మంచిది కాదు."

"నాన్న కొడతానన్నాడు. ఎంత కొడితే అంతే," అంది కూతురు.

ముహూర్తం రోజు కారును వెనక్కి నడిపించి మండపం మెట్ల పక్కన ఆపారు. డిక్కీ తెరిచారు. నా మీద అంత వెలుతురు పడటం షాపు వదిలాక అదే మొదటిసారి. గుడి మేళగాళ్లు బుల్లియ్య పేరు వినగానే డోళ్లు కింద పెట్టి పక్కకు జరిగారు. ఫోను నొక్కే పని తల్లిది. ఎందుకంటే ఆమె పైకి రానంది. "మొగుడు పోయినదాన్ని, తాళి కట్టే చోటికి రాకూడదే. ఇక్కడే ఉంటాను" అని పట్టుబట్టింది. కూతురు కాళ్లావేళ్లా పడింది, కోప్పడింది. వినలేదు. అక్షింతల పళ్లెం చుట్టూ అంతమంది, డిక్కీ దగ్గర కన్నతల్లి ఒక్కతే. మనుషుల ఆచారాలు నాకు అర్థం కావు గాని, అందరికీ దూరంగా డిక్కీలో ఒంటరిగా ఉండటం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

పురోహితుడు చెయ్యెత్తాడు. "గట్టిమేళం! గట్టిమేళం!"

ఆమె నొక్కింది. బుల్లియ్య వచ్చాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నా పెట్టెలో ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. ఐదో దెబ్బ చోటు వచ్చింది. వైరు ఖాళీ. పైన పెళ్లికూతురి గొంతులోంచి వెక్కు ఒకటి బయటికి రాబోయింది.

అప్పుడు నా నెత్తి మీద దెబ్బ పడింది. ధిం! మంగతాయారు అరచెయ్యి. మళ్లీ పడింది, మళ్లీ పడింది. ఎక్కడ పడాలో సరిగ్గా అక్కడే. కాపురమంతా పొయ్యి దగ్గర కూర్చుని ఆయన సాధకం విన్న మనిషండి, లెక్క తప్పుతుందా? చీరకొంగు నడుముకు దోపి, రెండో చెయ్యి కూడా కలిపి, పళ్లు బిగబట్టి నా పెట్టె మీద వాయించింది. లోపలి గాలి ఒక్కసారిగా కదిలి నా నోరు దానంతట అదే ముందుకొచ్చింది. కరెంటు లేకుండా పలకడం నాకు అదే మొదలు. మూడు ముళ్లూ పడేదాకా ఆమె ఆపలేదు. వెక్కు ఎవరికీ వినపడలేదు. పీటల మీద నుంచి సుభాషిణి తల తిప్పి మా వైపే చూసింది.

ఆ తర్వాత ఆవిడ ఆ రికార్డు మళ్లీ పెట్టలేదు. అవసరం తీరిపోయింది కదా. అత్తారి ఊరు దూరం, కారు చిన్నదైంది, అమ్మేసింది. ఫోను జాగ్రత్తగా దాచుకునే ఉంటుంది. కొన్న కుర్రాడు నన్ను పీకించి లైటువాణ్ని పెట్టించుకున్నాడు. నేను మళ్లీ జిలానీ గారి షాపులోనే ఉన్నాను, ఈసారి వెనక గదిలో, పాత సీటు కవర్ల మధ్య. వైర్లు తెగ్గొట్టేశారు. మీద టీ గ్లాసు పెట్టేవాడు కూడా లేడు.

మూఢం వెళ్లి ముహూర్తాలు మొదలైతే మాత్రం రోడ్డవతల కల్యాణ మండపంలోంచి డోలు వినపడుతుంది. నా కాగితపు నోరు కాస్త అదురుతుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. వాళ్లెవరికీ చెయ్యి పడిపోదు, ఐదో దెబ్బ నిక్షేపంలా పడుతుంది. అయినా ఆ చోటు రాగానే, నెత్తి మీద ఆ అరచెయ్యి పడుతుందేమోనని నేను ఊపిరి బిగబట్టుకుని ఉంటాను.