ఎకో ఆపేసిన పాట

వదిన గొంతు తేనె అని అందరూ అనేవాళ్లే గానీ, ఆ పాటల్లో ఏం మాటలున్నాయో ఒక్కరికైనా తెలిస్తే ఒట్టు! ఆ పాపం మరదలిది. సింథసైజర్ ముందు కూర్చుందంటే చాలు, వదిన పాడిన ప్రతి మాటనీ ఎకోలో ముంచి తేల్చి కలలా చేసి వదులుతుంది. ఇద్దరూ కుట్టు ఫ్యాక్టరీలో పక్కపక్క మిషన్ల మీద పనిచేస్తారు. అక్కడ నోరెత్తి అనలేనివన్నీ ఇంటికొచ్చి, వంటింటి బల్ల మీద వైర్లు పరిచి, పాటలు కడతారు.

కొత్త పాట బాత్రూం తాళం మీద. పని నడుస్తున్నంతసేపూ ఆడవాళ్ల బాత్రూంకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకు తిరుగుతాడు ఓనరు. మంచినీళ్లు తాగాలన్నా భయమే! మొన్నామధ్య కడుపుతో ఉన్న పిల్ల ఒకతి మిషన్ దగ్గరే తడిపేసుకుని, సిగ్గుతో చితికిపోయి, మళ్లీ పనికి రాలేదు. ఆ కడుపుమంటతో రాసింది వదిన.

తీరా చూస్తే, ఎవరి ఫోన్‌లోనో విన్న ఆ పాట ఓనరుకే తెగ నచ్చేసింది. "ఎంత హాయిగా ఉందమ్మా! వింటుంటే నిద్రొచ్చేస్తోంది. రేపు కొత్త షెడ్డు ప్రారంభానికి మీరే పాడాలి," అన్నాడు.

మరదలు తల పట్టుకుంది. "మన పాటతో వాడు జోకొట్టించుకుంటున్నాడు వదినా!"

"నీ నిర్వాకం అలాంటిది మరి," వదిన నవ్వింది. "రేపు ఎకో ఆపెయ్."

"ఉద్యోగాలు ఊడతాయేమో!"

"ఊడనీ. మనం కుట్టకపోతే ఆయన షెడ్డులో ఏం చేస్తాడు, పడుకుంటాడా?"

ప్రారంభం రోజు ముందు వరసలో ఓనరు, పక్కన వాళ్లమ్మ. వెనకంతా కుట్టుపని ఆడవాళ్లు. మరదలు ఎకో ఆపేసింది. వదిన గొంతు విప్పింది.

"నీళ్లు తాగకే చెల్లీ, తాళంచెవి దొరగారి జేబులో ఉంది..."

పాటకి తాళం వేస్తున్న ఓనరు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "ఆపండి!" అని లేచాడు.

"నువ్వు కూర్చోరా," అంది వాళ్లమ్మ. "పాడమ్మా."

వదిన చివరిదాకా పాడింది. ఒక్క మాట మింగలేదు. ముసలావిడ కొడుకు వైపు తిరిగింది. "నిజమేనా?"

ఓనరు జేబులోంచి తాళంచెవి తీసి వదినకి అందించబోయాడు.

"చెవి మాకెందుకండీ?" మైకులోనే అంది వదిన. "తాళమే తీసెయ్యండి."

వెనక కుర్చీలన్నీ ఒక్కసారిగా కదిలాయి. ఆడవాళ్లంతా లేచి నిలబడ్డారు. రిబ్బన్ కత్తిరించాల్సిన ఓనరుగారు అందరి మధ్య నుంచీ నడిచి, షెడ్డు పక్కనే ఉన్న ఆడవాళ్ల బాత్రూం తలుపు ముందు వంగాడు. మరదలు మైకు పట్టుకుని వెనకే పరిగెత్తి, తాళం ఊడే చప్పుడు షెడ్డంతటికీ వినిపించేలా పెట్టింది.